పాత రంధ్రాల్లో కొత్త దారం

ఎనిమిదిమంది మగవాళ్ళకి సరిపడా అన్నం ముద్దలు చుట్టి, గుడ్డట్టు చుట్టలు కోసి, ముల్లంగి ఊరగాయ విడిగా సర్ది, అంతా కలిపి పెద్ద గుడ్డలో మూట కట్టేసరికి పొద్దున ఆరున్నర అయింది. మా ఆయన తకుజి గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, "నువ్వు రైల్లో వచ్చెయ్. ఒదవారాలో దిగి బస్సెక్కితే మైదానం దగ్గరే దింపుతాడు," అన్నాడు. "ఈ మూటన్నా కార్లో పెట్టుకుని వెళ్ళొచ్చుగా," అన్నాను. "ఊరగాయ వాసన పట్టేస్తుంది, ఆమాత్రం తెలీదూ?" అన్నాడు. ఆ కారుకి రెండే సీట్లు. ఒకటి ఆయనది. రెండోది ఖాళీ. నేను కూర్చుంటే రెగ్జిన్ నలుగుతుందట, కుట్లు సాగుతాయట. ఆ కుట్లు వేసింది నేనే కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. అత్తయ్యకి గంజి తాగించాల్సిన వేళయిందని మింగేశాను.

మాది డెబ్బై రెండు నాటి ఫెయిర్‌లేడీ జెడ్. పేరుకి అందాల దొరసాని. మా పెళ్ళయిన మరుసటి ఏడు కొన్నాడు, ఇప్పటికి ముప్పై మూడేళ్ళు. మా ఆయన క్లబ్బులో ఏటా అక్టోబరులో పాత కార్ల పోటీ పెడతారు. అందులో అన్నిటికంటే గొప్ప వరస 'చెయ్యిపడని బండ్లు.' అంటే ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చింది మొదలు ఎవరూ ఏదీ మార్చనివి, విప్పనివి, కుట్టనివి. ఆ వరసలో మొదటి బహుమతి ఒక ఇత్తడి పలక. దానికోసం మా ఆయన పదకొండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు. నిరుడు సీట్ల మీద దారం చీకి మూడుచోట్ల కుట్టు నోరు తెరిచిందని రెండో స్థానంలో నిలబెట్టారు. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దారం చీకితే నా తప్పేమిటో ఆ దేవుడికే తెలియాలి.

జనవరిలో ఆ రెండు సీట్లూ విప్పి తెచ్చి, నేను బట్టలు ఇస్త్రీ చేసుకునే గదిలో పెట్టాడు. "నీకు చేతనవుతుందిగా," అన్నాడు. అంతే. కుడతావా అని కాదు, కుట్టిపెట్టు అని కూడా కాదు. మిషను మీద కుడితే కొత్త రంధ్రాలు పడతాయి, పోటీవాళ్ళు పట్టేస్తారు. అందుకని నలభై ఏళ్ళ కిందటి రంధ్రాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, సూదితో, చేత్తో కుట్టాను. కొత్త దారం కొత్తగా కనపడకూడదని చిక్కటి టీలో నానబెట్టి, ఎండబెట్టి, మైనం రాసి, మసిగుడ్డతో రుద్దాను. మధ్యాహ్నాలు అత్తయ్య కునుకు తీసే గంటన్నరే నాకు దొరికేది. నాలుగు నెలలు పట్టింది. కుడిచేతి బొటనవేలి గోరు ఊడి మళ్ళీ వచ్చింది. అయిపోయాక మా ఆయన భూతద్దం పెట్టి పైకి కనపడే ప్రతి కుట్టూ చూశాడు. చూసి, "ఏమీ కనపడటం లేదు. భేష్!" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. అదీ నేను చేసింది కనపడనందుకు!

రైల్లో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆయన మాటలే గుర్తొచ్చాయి. మా ఇంటికి స్నేహితులొచ్చినప్పుడల్లా మా ఆయన చెప్పే మాట ఒకటుంది. "కారునీ పెళ్ళాన్నీ ఎలా తెచ్చుకున్నామో అలా ఉంచుకోవాలిరా! మార్పులు చేసేవాడు రసికుడు కాడు." అందరూ నవ్వుతారు. నేను బీరు పోస్తూ ఉంటాను. నన్ను ఎలా తెచ్చుకున్నారో అలా ఉంచారా? ఉత్తరాన అకితా కొండల్లో పుట్టినదాన్ని. మా యాస విని మా అత్తయ్య మూడో రోజే, "ఆ గొంతు వీధిలోకి వినపడనివ్వకు తల్లీ, ఎవరో పశువుల్ని తోలుతున్నారనుకుంటారు," అంది. గట్టిగా నవ్వితే, "పళ్ళు లెక్కపెట్టుకోమంటున్నావా?" అనేది. మా అమ్మ నేర్పిన ఉప్పు పులుసు చేస్తే చెట్లకి పోసింది. అన్నిటికంటే పెద్ద మార్పు ఇంకొకటి. పదహారో ఏట మా ఊరి ఆడపిల్లలందరితోపాటు రైలెక్కి ఈ వైపు వచ్చి, పెళ్ళయ్యేదాకా ఎనిమిదేళ్ళు ఒక కుట్టు ఫ్యాక్టరీలో పనిచేశాను. కార్ల సీట్లకి తొడుగులు కుట్టేవాళ్ళం. నా వరసలో పన్నెండుమందిమి. ఈ మోడలు సీట్లు కూడా మా దగ్గర్నుంచే వెళ్ళేవి. అత్తయ్య పెళ్ళికి ముందే చెప్పింది: "కూలిపిల్ల అంటే చుట్టాల్లో తలెత్తుకోలేం. ఆఫీసులో కాగితాలు చూసేదని చెబుతున్నాం. నువ్వూ అదే చెప్పు." మా ఆయన పక్కనే కూర్చుని తలాడించాడు. ముప్పై నాలుగేళ్ళుగా అదే చెప్పాను. నా పిల్లలకి కూడా అదే చెప్పాను. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

మైదానం సముద్రం పక్కనే. నేను బస్సు దిగేసరికి కార్లు రెండు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఒకవైపు చెయ్యిపడనివి, రెండోవైపు మార్పులు చేసుకున్నవి, చివర విడిగా బాగుచేసినవి నాలుగైదు. ఇటువాళ్ళకి అటువాళ్ళంటే పడదు. శిగెతా అని మా ఆయన వయసు మనిషే, చక్రాల పైన రేకులు ఉబ్బించి, వేరే ఇంజను పెట్టించుకున్నాడు. మా ఆయన అతన్ని చూడగానే, "ఏం శిగెతా, ఇంకా మిగిలిందేమన్నా ఉందా నీ బండిలో, లేక అద్దానికి వేలాడే తాయెత్తొక్కటేనా అసలుది?" అన్నాడు. "నా బండి పరిగెడుతుంది నాయనా! నీది శవపేటిక, దుమ్ము దులిపి దణ్ణం పెట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు," అన్నాడు శిగెతా. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి, "అన్నం వచ్చింది!" అన్నారు. నేను వచ్చానని కాదు. అన్నం వచ్చిందని.

పదింటికి నిర్ణేత ఇసొగాయి గారు వచ్చారు. డెబ్బై దాటినాయన, తెల్ల చేతితొడుగులు, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. బానెట్టు కింద చూశారు, తలుపు రబ్బర్లు చూశారు. తర్వాత లోపలికి వంగి సీటు అంచు మీద వేలు నెమ్మదిగా జరిపారు. ఇరవైమంది మగవాళ్ళు చుట్టూ మూగారు. నేను వెనక టీ పళ్ళెంతో నిలబడ్డాను. ఇసొగాయి గారి కళ్ళు చెమర్చినట్టయ్యాయి. "చూడండయ్యా ఈ కుట్టు! నలభై ఏళ్ళయినా ఒక్కటీ కదల్లేదు. ఆ రోజుల్లో మేస్త్రీలంటే మేస్త్రీలే. ఎలాంటి మగాళ్ళు పనిచేసేవాళ్ళో ఆ ఫ్యాక్టరీల్లో! నిరుడు నోరు తెరిచినట్టు గుర్తుందే నాకు?" అన్నారు. "అది నీడండీ, ఎండ పడి అలా కనపడింది," అన్నాడు మా ఆయన, మొహం చెక్కుచెదరకుండా. "ఈ సీట్ల మీద ఫ్యాక్టరీ మేస్త్రీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం కిందపెట్టాను.

"మేస్త్రీలు కాదండీ," అన్నాను. "పదహారు పదిహేడేళ్ళ ఆడపిల్లలం. మధ్యాహ్నం పావుగంట తప్ప కుర్చీలోంచి లేవనిచ్చేవాళ్ళు కాదు."

అందరూ వెనక్కి తిరిగారు. ఇసొగాయి గారు, "మీకెలా తెలుసమ్మా?" అన్నారు.

"ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను కాబట్టి. కానీ ఇప్పుడు మీ వేలు పెట్టిన కుట్టు అప్పటిది కాదు. మొన్న జనవరి నుంచి ఏప్రిల్ దాకా నేను వేసింది."

మా ఆయన పకపకా నవ్వాడు. "మా ఆవిడకి రైలు ప్రయాణం పడదండీ, తల తిరిగినట్టుంది. ఆఫీసులో కాగితాలు సర్దేది, కుట్టేమిటి, ఫ్యాక్టరీ ఏమిటి!" అని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో, "ఇంటికెళ్ళాక చెబుతాను నీ సంగతి," అన్నాడు. విదిలించుకున్నాను. "సీటు కింద మడత ఎత్తి చూడండి," అన్నాను ఇసొగాయి గారితో. "అక్కడ టీ రంగు దాకా నేను పోలేదు. దారం తెల్లగానే ఉంటుంది."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మడత ఎత్తారు. తెల్ల దారం వెంట వేలు జరిపారు. మా ఆయన మెడ మీద చెమట పట్టడం చూశాను. జాలి వేస్తుందేమోనని ఎదురుచూశాను. వెయ్యలేదు. పదకొండేళ్ళ పలక పోతోంది, పోనీ. నాకు పోయింది ముప్పై నాలుగేళ్ళు.

ఇసొగాయి గారు లేచి, మా ఆయన వైపు చూడకుండా, కాగితం మీద 'చెయ్యిపడని' అన్న మాట కొట్టేశారు. "బాగుచేసిన బండ్ల వరసలోకి మార్చండి," అని, 'బాగుచేసినవారు' అన్న గడిలో ఏదో రాశారు. నేను తొంగిచూశాను. 'యజమాని భార్య' అని ఉంది. అంతలో శిగెతా జనాన్ని తోసుకుంటూ వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేశాడు. నన్ను దాటుకునే వెళ్ళాడు, అడుగు దూరంలో.

"పోతే పోయిందిలేవోయ్ పలక. భూతద్దానికి కూడా దొరకని పనితనం! నా సీట్లు కూడా చీకిపోయాయి, ఓసారి మీ ఆవిడ చేత కుట్టించి పెట్టరాదూ? ఎవరికీ చెప్పన్లే."

మా ఆయన మొహం క్షణంలో వెలిగింది. "దానికేం భాగ్యం! ఖాళీగానే ఉంటుందిగా. వచ్చేవారం తెచ్చి పడెయ్."

నిర్ణేత చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. అడగలేదు, తీసుకున్నాను. 'యజమాని భార్య' అన్నదాన్ని రెండు గీతలతో కొట్టేసి, దాని పక్కన 'కుడో హరుయో' అని రాశాను. నా పుట్టింటి పేరు. మా ఆయన, "అదేం పేరు? మనది నగాసే!" అని అరిచాడు. వినపడనట్టే ఊరుకుని శిగెతా వైపు తిరిగాను.

"కుడతానండీ. ఎర్ర దారంతో కుడతాను. ఎవరో కుట్టారని పదడుగుల అవతల నుంచి కనపడాలి. ఇష్టమైతే నన్నడగండి, ఈయన్ని కాదు."