కష్టమనని నోరు

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీ మీద తడి గోనెసంచిలా వేలాడింది. అది ఎనభై నాలుగు ఆషాఢం.

ఇరవై రెండేళ్లుగా తాపీపని చేస్తున్నాను. రోజూ నాగ్‌పాడా నాకా మీద, కూలీల అడ్డాలో నిలబడితే, పనికి కుదిర్చే ముకాదం వచ్చి మనుషులను ఏరుకుంటాడు. ఆ నిలబడటం తప్పాలంటే దాదర్‌లో ఒక కంపెనీవాళ్లు ఇస్తామన్న ఫోర్‌మన్ పని దొరకాలి. దానికి, ఏ పని దేనికన్నా ఎంత కష్టమో ఇంజనీరుకు ఇంగ్లీషులో చెప్పగలగాలి. నాది ఊరి బడిలో ఐదో తరగతి.

పై అంతస్తు గుమాస్తా శంకర్రావు ఇరవై రోజులుగా ఆ మాటలు నేర్పిస్తున్నాడు. ఆ పొద్దున కూడా గ్యాలరీలో పట్టుకున్నాడు.

"బుచ్చన్నా, ప్లాస్టర్ కన్న స్లాబు జరంత కష్టమైతే?"

"ఎ లిటిల్ హార్డర్."

"మస్తు కష్టమైతే?"

"మచ్ హార్డర్."

"అంత కష్టం గాకుంటే?"

"నాట్ సో హార్డ్."

"బరాబర్. గిట్లనే చెప్పు."

మా ఆవిడ మల్లమ్మ, ఇక దీంతో పనిలేదన్నట్టు నా తాపీసంచిని అటక మీదికి ఎక్కిస్తూ అంది: "నిద్రల గూడ హార్డర్ హార్డర్ అంటుండు శంకరన్నా. ఇల్లు కడ్తుండో కూలగొడ్తుండో."

దాదర్‌లో ఆ మధ్యాహ్నం కంపెనీ ఇంజనీరు ఒక భవనం నక్ష పరిచాడు. గుండ్రటి మెట్లు చూపించి, ఇవి మామూలు మెట్లకన్నా ఎంత కష్టమని ఇంగ్లీషులో అడిగాడు. అర్థమైంది. జవాబు నాలుక మీదే ఉంది.

కానీ నాకా మీద కష్టమన్న మాట ఎవరూ అనరు. ఒకసారి నా పక్కన నిలబడే సాయిలు "గీ పని కష్టం సేఠ్" అన్నాడు. ఆ నెలంతా అతన్ని ఎవరూ పిలవలేదు. అది చూసినవాడి నోరు నాది.

"ఈజీ సార్," అన్నాను.

గోడ చూపించాడు. స్లాబు చూపించాడు. అన్నీ ఈజీ అన్నాను.

ఆయన నక్ష చుట్టేస్తూ హిందీలో అన్నాడు. "నీకన్నీ తేలికైతే, దేనికి పదిమంది కావాలో, దేనికి ఇద్దరు చాలో నాకెవరు చెబుతారు?"

బస్సు ఎక్కలేదు. నడిచాను. పరేల్ దాటేదాకా "మచ్ హార్డర్, మచ్ హార్డర్" అంటూనే ఉన్నాను. ఎవరూ అడగకుంటే ఎంత బాగా వస్తుందో.

మెట్ల మీద శంకర్రావు ఎదురయ్యాడు. "మాటలు మర్చిపోయినవా?"

"లేదు."

"మరి?"

"కష్టమనలే."

"యేడానా నువ్వు, పిచ్చా? ఇరవై దినాలు నేర్సుకుంది గదే గదా."

"నాకా మీద నువ్వెన్నడన్న నిలబడ్డవా శంకరన్నా?"

అతను నా వెనకే లోపలికి వచ్చి కూర్చున్నాడు.

మల్లమ్మ పదహారేళ్లుగా తట్టలు మోస్తున్న మనిషి. ఆమె కూడా ఏనాడూ అనలేదు ఆ మాట. స్టూలేసుకుని అటక మీది సంచి దించి, తలుపు పక్కన, పొద్దున చేతికందేచోట పెట్టింది. తర్వాత ముగ్గురికీ జొన్నరొట్టె, ఎండు బొంబిల్ చేపల కూర వడ్డించి, తనూ కూర్చుంది.

తిన్నాం.