వైరు పెట్టని కీబోర్డు

అన్న స్నేహితుల్లో బట్టతలాయన నవ్వీ నవ్వీ గుక్కెడు టీ ముక్కులోంచి చిమ్మాడు. సరిగ్గా అప్పుడే ఆమెకి మొదటిసారి లోపలెక్కడో కలుక్కుమంది.

అప్పటిదాకా అది మామూలు ఆదివారమే. ఇంటి ముందుగదిలో అన్న కంప్యూటర్ రిపేరు షాపు. ఆదివారమైతే షట్టర్ సగం దించేసి, పాత లావు మానిటర్లు టేబుల్ మీదికెక్కించి, చిన్ననాటి స్నేహితులతో ఆ పాత తుపాకీ ఆట ఆడతాడు. తెర అడుగున ఒక చెయ్యి, అందులో తుపాకీ, ఎదురుగా బూడిదరంగు నడవాలు, మూల తిరిగితే రాక్షసులు. "ఇప్పటి ఆటలు ఆటలా? ఆ రోజులే వేరు" అని ఒకడంటే, "అబ్బ, వేరంటే వేరా!" అని ఇంకొకడు. ఆమె వెనక కూర్చుని ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి, ఫ్యాన్‌లో దుమ్ము దులుపుతోంది. డిగ్రీ అయిన దగ్గర్నించీ రిపేర్లన్నీ ఆమే చూస్తోంది.

"మా చెల్లి సంగతి చెప్పానా మీకు?" అన్నాడు అన్న. "నేనూ ఆడతానని ఒకటే ఏడుపు. వైరు పెట్టకుండా ఓ కీబోర్డు చేతికిచ్చి, నువ్వే సెకండ్ ప్లేయర్‌వి అన్నా. ఏళ్ళకేళ్ళు టకటకా నొక్కుతూనే ఉందిరా పిచ్చిమొహం!"

టీ చిమ్మింది ఈ మాటకే.

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. తెర మీద అన్న పక్కన పరిగెత్తే పచ్చ సిపాయి తనేనని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆఖరి రాక్షసుణ్ణి పడగొట్టింది తనే అనుకుంది. పరీక్షలో చెయ్యి వణికినా, ఇంటర్వ్యూలో నోరెండిపోయినా, 'వాణ్ణే కొట్టాను, వీళ్ళెంత' అనుకుంటూ ఇంతదూరం నెట్టుకొచ్చింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"దీనికే మొహం మాడ్చుకోవాలా? ఆటే కదే!"

"ఆటే అయితే వైరు పెట్టాల్సింది."

"సెకండ్ ప్లేయర్‌కి కోపమొచ్చిందిరోయ్!" అన్నాడు బట్టతలాయన.

అన్న ఆ ఊపులోనే రెండో మాట కూడా అనేశాడు. "ఎలాగూ చెప్పాలి కాబట్టి చెప్తున్నా. రిపేర్లు ఆపేస్తున్నాం. ఇక ఇది పాత ఆటల హాలు. వీళ్ళూ వాటా కలుస్తున్నారు. నువ్వు టీలూ అవీ చూసుకుందువుగాని."

"షాపు నాకే ఇస్తానని అమ్మ ముందు మాటిచ్చావు!"

"ఏదో అన్నాంలే. ముందు ఆ వెనక గోడ తెరువు. ఇక్కడ చోటు చాలట్లేదు."

ఆ కీబోర్డు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. కంప్యూటర్‌కి తగిలించకపోతేనేం, ఇంటి గోడలకి మాత్రం బాగా పనిచేస్తుంది. ఆ ఆటలో గోడ వెంబడే నడుస్తూ స్పేస్ బటన్ నొక్కుకుంటూ పోతే, ఎక్కడో ఓచోట గోడ గరగరమని పైకి లేచి రహస్యపు గది బయటపడుతుంది. ఆమె నొక్కితే ఇంట్లోనూ అంతే. చిన్నప్పుడు మెట్లకింద గోడ మొదటిసారి లేచినప్పుడు అమ్మ తొంగిచూసి, "హమ్మయ్య, పరుపులకి చోటు దొరికింది" అంది. పక్కింటావిడ కూడా "మా విరిగిన మంచం మీ గోడలో పడేసుకోనా?" అని అడిగి మరీ పెట్టుకుంది. కాకపోతే, ఆటలోలాగే, తెరుచుకున్న గోడ కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. అందుకే పరుపు కావాలన్నప్పుడల్లా అమ్మ కూతుర్ని బయట నిలబెట్టిగానీ లోపలికెళ్ళదు.

పళ్ళు నూరుకుంటూనే ఆమె నొక్కింది. వెనక గోడ లేచింది. లోపల పెద్ద గది, వెలుతురు, ప్లగ్గులు కూడా. మగాళ్ళంతా బడి వదిలిన పిల్లల్లా కేకలేస్తూ మానిటర్లు మోసుకుని దూరిపోయారు. ఆ ఆట మాకు కంఠతా అని జబ్బలు చరుచుకునేవాళ్ళకి, గోడ మూసుకుంటుందన్న సంగతే గుర్తులేదు. ఆమె చెబుదామని నోరు తెరిచింది.

"టీ పట్రావే!" అని అన్న లోపల్నించి అరిచాడు.

ఆమె నోరు మూసుకుంది. గోడ కూడా.

అంతలో ఒకావిడ ప్రింటర్ చంకన పెట్టుకుని షట్టర్ కిందనుంచి వంగి లోపలికొచ్చింది. "షాపు ఎవరిదమ్మా?"

"నాదేనండీ." అన్నాక ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది. కాగితం ఇరుక్కుంటే లాగేసి, రోలరు తుడిచి ఇచ్చింది. "చెయ్యి తిరిగినదానివే" అని మెచ్చుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

అప్పుడు గోడవతల దబదబా బాదుడు. "ఏయ్! తియ్యవే! నొక్కు!"

"ఎలా అన్నా? దానికి వైరు పెట్టలేదుగా."

లోపల ఎవరో కిసుక్కున నవ్వి, తోడు నవ్వేవాళ్ళు లేక ఆగిపోయారు.

"ఎకసెక్కాలొద్దే. ఊపిరాడట్లేదు."

"మరి షాపు?"

"నీకే! నీకే! అమ్మ మీద ఒట్టు!"

క్రితంసారి మాటిచ్చినప్పుడు అమ్మ ఎదురుగానే ఉంది. ఈసారి ఒట్టులో ఉంది. తేడా అంతే.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "అన్నని భోజనానికి రమ్మనవే!"

ఆమె బొటనవేలు స్పేస్ బటన్ మీదే ఉంది. నొక్కితే వాళ్ళు బయటికొస్తారు, వాళ్ళ నవ్వూ వస్తుంది, ఆ తర్వాత హాలూ వస్తుంది. నొక్కకపోతే, ఎంతైనా తోడబుట్టినవాడు. ఒకసారి తప్పినవాడి మాట పట్టుకుని గోడ లేపమంటారా? ఇంకాసేపు బాదనివ్వమంటారా? తొందరగా చెప్పండి, మీరైతే ఏం చేసేవాళ్ళు?