ఆది ముక్క

ఇస్త్రీ బల్ల ఉండాల్సిన చోట కోడలి మిల్లింగ్ మెషీను ఉంది. కంప్యూటర్‌లో గీసిచ్చిన దారి వెంట లోహాన్ని చెక్కుతుంది. పేరుకి మెషీనేగాని, కుక్కపిల్లని సాకినట్టు సాకాలి.

కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్ మిషన్ భాగాల్ని పట్టి ఉంచే అల్యూమినియం బిగింపులు పది అడిగాడు. వందకి తక్కువైతే పెద్ద వర్క్‌షాపులు తలెత్తి కూడా చూడవట. నాలుగింటికి వస్తానన్నాడు. ఇవి సరిగ్గా కూర్చుంటే ఇక నెలనెలా పని ఆమెకే. చెక్కడానికి ఆమె దగ్గరున్న ముక్కలు పదకొండు.

మొదటిది అద్దంలా వచ్చింది. ఆ సంబరంతో వెళ్ళి అన్నం తినొచ్చి, రెండోది పెట్టి నడిపితే రంధ్రాలు ఓ పక్కకి ఒరిగిపోయాయి. వంగి చూసింది. ముక్కను పట్టుకునే వైసు తళతళలాడుతోంది. ప్రతి ముక్కా ఒకే చోట కూర్చునేందుకు ఆనించుకునే చిన్న కడ్డీ మాత్రం జరిగి ఉంది.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. తుక్కు చూడలేక తుడిచానని, అడ్డొచ్చిన కడ్డీ విప్పి మళ్ళీ బిగించానని, వంకరగా ఉన్నదాన్ని నిటారుగా కూడా పెట్టానని ఘనంగా చెప్పుకొచ్చింది.

కోడలు మిగిలిన ముక్కలు లెక్కపెట్టింది. ఇక ఒక్కటి చెడినా పది కావు. కొలతలన్నీ మొదటినుంచి సరిచూడాలంటే గంట పైనే. అప్పటికే రెండున్నర.

సంగతి అర్థమయ్యాక అత్తగారి మొహం చిన్నబోయింది. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. మంచి ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"కొలతలెందుకే? ఆది ఉందిగా."

"ఆది ఏంటత్తయ్యా?"

"సరిపోయిన పాత చొక్కా తెచ్చిస్తే, టేపు ముట్టుకునేదాన్ని కాదు. దాన్నే పరిచి కత్తిరించేసేదాన్ని."

కోడలు ఆ ముక్క అందుకుంది. మెషీన్ని రంధ్రం వేసే చోటికి పంపి, మంచి ముక్కను వైసులో వదులుగా పెట్టి, తిరగని డ్రిల్ బిట్టును ఆ రంధ్రంలోకి మెల్లగా దించింది. ముక్క దాని చోటికి అదే వచ్చింది. కడ్డీని ఆనించి బిగించింది. పది నిమిషాలు పట్టలేదు.

"ఇంక గుడ్డ ముట్టుకోకండి," అని అత్తగారి చేతికి బ్రష్ ఇచ్చింది. ఆవిడ స్టూలు వేసుకుని, ముక్క దిగినప్పుడల్లా తుక్కు దులుపుతూ, ఒక్కోదాన్నీ మొదటిదాని మీద పెట్టి బోల్టు దూర్చి చూసింది. దూరిన ప్రతిసారీ కోడలి వంక కళ్ళెగరేసింది.

మెకానిక్ వచ్చేసరికి పదోది ఇంకా వెచ్చగా ఉంది. అన్నీ పరీక్షించి, పాడైన మిషన్లు తొమ్మిదేనని, ఒకటి చేతిలో ఉంచుకోడానికి అడిగానని, వచ్చే నెలకి ఇలాంటివే పదిహేను కావాలని అన్నాడు.

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"అయితే చేతిలోది మా దగ్గర వదిలి వెళ్ళు నాయనా. ఆది ఇవ్వకుండా కొలతలు నోటితో చెప్పేవాళ్ళ పని నేనెప్పుడూ పట్టలేదు."

అతను నవ్వుతూ ఒకటి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని బోర్లించి, గీతలున్నాయని, ఇంకా మంచిది ఏరి ఇమ్మంది.