భద్రతకు నూటికి నూరు

మానసిక వైద్యశాలల్లో రోగుల్ని ఎలా చూసుకుంటున్నారో తనిఖీ చెయ్యడం నా ఉద్యోగం. వెనకాల నన్ను ‘భూతద్దం’ అంటారు. అననీ! పదిహేడేళ్ళుగా ఇదే పని. పైన పటారం లోన లొటారం ఎక్కడున్నా ఇట్టే పట్టేస్తాను.

ఆ రోజు వెళ్ళిన ఆడవాళ్ళ వార్డు అద్దంలా మెరుస్తోంది. హెడ్ నర్సు ఫైళ్ళ దొంతర తెచ్చి బల్ల మీద పెట్టింది.

“అవి ఎక్కడికీ పారిపోవు గానీ, ముందు భోజనాల గది చూపించమ్మా,” అన్నాను.

అక్కడ కిటికీ పక్కన ఒక పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పళ్ళెంలో రొట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“ఆవిడ అంతే మేడమ్,” అంది నర్సు. “చేరి మూడు వారాలైంది. పాలు తప్ప ఏదీ ముట్టదు. ఏమడిగినా గొణుగుడే. రేపు పొద్దున్నే దీర్ఘకాల రోగుల వార్డుకి మార్చేస్తున్నాం. డాక్టరుగారు సంతకం కూడా పెట్టేశారు.”

ఆ వార్డు సంగతి నాకు తెలుసు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇంటి గడప తొక్కడం అరుదు.

పక్కనే కూర్చుని, “పెద్దమ్మా, ఎందుకు తినట్లేదు?” అని అడిగాను. ఆవిడ ఏదో అంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చెప్పీ చెప్పీ విసిగిపోయినట్టు చెయ్యి కిందికి దించింది. బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. మా ఇంట్లో అత్తగారు పొద్దున లేవగానే అచ్చం ఇలాగే ఉంటుంది.

“ఈవిడ పళ్ళేవి?”

“పళ్ళా?” అంది నర్సు, నిమ్మకు నీరెత్తినట్టు.

చేర్చుకున్నప్పటి రిజిస్టరు తెప్పించాను. చేతి గడియారం, దువ్వెన, చెప్పులు, కట్టుడు పళ్ళు. అన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసినట్టు రాసి ఉంది. గాయం చేసుకోవడానికి పనికొచ్చే వస్తువేదీ రోగి దగ్గర ఉండకూడదన్నది నియమం. ఏది ఎప్పుడు తిరిగివ్వాలో మాత్రం ఎవరికీ తట్టలేదు.

కేకలేద్దామని నోరు తెరిచాను. అంతలో గుర్తొచ్చింది. నిరుడు ఇదే బీరువా చూసి, ‘వస్తువుల భద్రతకు నూటికి నూరు’ అని రాసి సంతకం పెట్టిన మహాతల్లిని నేనే. తాళం చూశాను గానీ లోపలేముందో చూడలేదు. తిలాపాపం తలా పిడికెడు. సిగ్గేసింది, దాంతోపాటు ఒళ్ళూ మండింది.

“తాళంచెవి ఎక్కడుంది? కదులు తల్లీ! డాక్టరుగారిని కూడా రమ్మను.”

పళ్ళు కడిగి తెచ్చి ఇచ్చారు. ఆవిడ గోడవైపు తిరిగి పెట్టుకుంది. డాక్టరు వచ్చేసరికి మూడో రొట్టె నములుతోంది.

“అమ్మా, ఈ మాట ముందే చెప్పొచ్చు కదా?” అన్నాడాయన.

“రోజూ చెప్పాను నాయనా. మీరు దాన్ని జబ్బు కింద రాసుకున్నారు.”

డాక్టరు మొహం మాడిపోయింది. బదిలీ కాగితం తెప్పించి అడ్డంగా కొట్టేశాడు.

“రిపోర్టులో ఇది రాయక తప్పదా మేడమ్?” అంది నర్సు నెమ్మదిగా.

“తప్పదు. మొదటి తప్పు నాదని రాస్తాను, రెండోది మీదని. ఆ బీరువాలో ఎవరికి ఏది ఇవ్వొచ్చో ఇద్దరం చూద్దాం పద. అది తేలేదాకా నేను కదలను.”

పెద్దావిడ పళ్ళెం పక్కకి జరిపి డాక్టరు వైపు చూసింది.

“బతకాలని లేదన్నానని మా అమ్మాయి నన్ను ఇక్కడ చేర్పించింది. ఎందుకు లేదో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.”

డాక్టరు కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు.

“అడుగుతున్నానమ్మా. చెప్పండి.”

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.