అన్నం ముట్టని ప్రయాణాలు

నేను ఒక బొట్టు నెత్తురు పడితే గాని నోరు విప్పని దాన్ని. అరచేతిలో ఇమిడే పెట్టెను. పైన అంకెలు కనిపించే చిన్న కిటికీ, కింద నెత్తురు అద్దే పుల్ల దూర్చే సందు, అంతే నా ఆకారం. డబ్బా మీద నా పేరు చాంతాడంత రాసుంటుంది గాని, జనం షుగర్ మిషన్ అంటారు. వేలు ఎవరిదైనా ఐదు సెకన్లలో లోపలి సంగతి బయటపెట్టేస్తాను. మొహమాటం అన్నది నాకు తెలీదు. అందుకే నన్ను కొనుక్కున్నవాళ్లు నా మొహం చూడ్డానికి ఇష్టపడరు.

తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు ఏదో ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. వరసలో నా పక్కన కూర్చున్నవి ఏ దేశం పోయాయో నాకు తెలియదు. నేను మాత్రం ఒంగోలు మందుల షాపు బీరువాలోకి వచ్చి పడ్డాను. ఓ రోజు రత్నకుమారి గారు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చి నన్ను తీసుకెళ్లారు. షుగర్ ఆవిడకు కాదు, ఆవిడ భర్త వీరనారాయణ గారికి.

వీరనారాయణ గారిది గ్రానైట్ కంపెనీలో రాయి చూసే ఉద్యోగం. చీమకుర్తి క్వారీల్లో పైకి తీసిన నల్లరాయి దిమ్మెల మీదికి ఎక్కి, నీళ్లు చల్లి, సుత్తితో కొట్టి, చెవి వొగ్గి వినేవాడు. వెంట్రుకంత పగులు ఉన్నా ఆ మోతలో పట్టేసేవాడు. ఆయన ఎర్రరంగు గీత గీశాడంటే ఆ దిమ్మె ఓడ ఎక్కదు. నెలలో సగం రోజులు ఊళ్ల మీదే ఉండేవాడు. ఏడాదికి రెండు సార్లు చైనాలోనూ ఇటలీలోనూ జరిగే రాళ్ల సంతలకు విమానం ఎక్కేవాడు.

డాక్టరమ్మ మొదటి రోజే, "అన్నం తగ్గించండి" అంది. ఇంకా చాలా చెప్పింది గాని ఆయన చెవిలో దిగింది ఆ ఒక్క మాటే. ఆ ఇంట్లో ఆయన చిన్నప్పటి నుంచీ శనివారం ఒక్కపొద్దు ఉండేది. ఒక్కపొద్దు అంటే అన్నం ముట్టకపోవడం. ఆ రాత్రి ఎనిమిది పూరీలు తిన్నా, నేతి ఉప్మా రెండు సార్లు వడ్డించుకున్నా ఉపవాసానికి వచ్చిన లోటేమీ లేదు. ఎందుకంటే అవి పలహారం. తిండి అంటే అన్నమే, అది తినకపోతే ఏమీ తిననట్టే. ఈ లెక్కతోనే ఆయన తన షుగర్ వైద్యం మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి ప్రయాణాల్లో అన్నం మానేశాడు. నెల్లూరు రోడ్డు మీద ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర కారు ఆపి, "రైస్ వద్దబ్బాయ్, నాకు షుగరు. నూడిల్స్ వెయ్యి, డబుల్" అని గొప్పగా చెప్పేవాడు. పక్కన ఒక గోబీ మంచూరియా, ఆపైన కూల్‌డ్రింకు. చెన్నై రేవు దగ్గరైతే పరోటాలు. విదేశాలు పోయినప్పుడు ఇంక అడ్డేముంది? పొద్దున బన్ను మధ్య మాంసం ముక్క, మధ్యాహ్నం పిజ్జా, సాయంత్రం అట్టపెట్టెలో బంగాళదుంప వేపుళ్లు. వాటిని కూరగాయల కింద జమ కట్టుకునేవాడు. చైనా నుంచి ఫోన్ చేసి, "వారం నుంచి మెతుకు ముట్టలేదు రత్నా" అని ఇంటికి చెప్పుకుంటుంటే, సూట్‌కేసులో బట్టల మధ్య ఉన్న నాకు ఒళ్లు మండిపోయేది. కానీ నెత్తురు పడందే నేను మాట్లాడలేను కదా. ప్రయాణాల్లో ఆయన నన్ను బయటికి తీస్తే ఒట్టు. "అన్నమే తిననప్పుడు ఎందుకు చూసుకోవటం?" అనేవాడు.

ఇంటికి వచ్చిన రోజు మాత్రం తీసేవాడు. రత్నకుమారి గారు రెండు గరిటెల అన్నం, గోంగూర పప్పు, మజ్జిగ పెట్టేది. రెండు గంటల తర్వాత ఆయన వేలు పట్టుకుని సూదితో పొడిచేది. నేను మూడు వందల పద్దెనిమిది అనో, మూడు వందల నలభై అనో చెప్పేదాన్ని. అది వారం రోజుల నూడిల్స్, పరోటాల పాపం. ఆయనకు మాత్రం అప్పుడే తిన్న రెండు గరిటెల అన్నమే కనపడేది.

"చూశావా? వారం రోజులు బయట తిరిగినా ఏం కాలేదు. నీ చేతి కూడు ఒక్క పూట తిన్నా, ఎట్టా ఎగిరిందో చూడు!"

ఆవిడ మొహం చిన్నబోయేది. ఆవిడ తప్పకుండా రోజూ పరీక్ష చేసేది. నాలుగో రోజుకు నేను నూట అరవై చెప్పేదాన్ని. అప్పుడు ఆయన, "బిళ్ల పనిచేసింది" అనేవాడు. ఎక్కితే అన్నం, దిగితే బిళ్ల. రెండు గరిటెలు ఒకటయ్యాయి. తర్వాత కొర్రలు వచ్చాయి. చుట్టాలు వచ్చినప్పుడు, "మా ఇంట్లో నాకు విషం పెడతారు" అని ఆయన నవ్వుతూ అనేవాడు, వాళ్లూ నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు ఆవిడే ఆ మాట నమ్మేసింది. నాకు ఆయన మీద కంటే ఆ నమ్మకం మీదే ఎక్కువ కోపం వచ్చేది.

ఐదో ఏడు ఇటలీ సంతకు కొత్త తోలు బూట్లు వేసుకుని వెళ్లాడు. నాలుగు రోజులు రాళ్ల మధ్య తిరిగాడు. హోటల్ గదిలో ఆయనతో ఉన్నది కంపెనీ అమ్మకాలు చూసే ఖాజావలీ గారు. ఐదో రోజు పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే ఖాజావలీ గారు లేచి కూర్చున్నాడు.

"అన్నా, ఆ సాక్స్ చూడు. నెత్తురు!"

బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు పడింది. వెంట్రుకంత పగులు వినపడే మనిషికి తన పాదం కింద చర్మం చిట్లింది తెలియలేదు. షుగర్ ఆ వేళ్లలో స్పర్శ ఎప్పుడో తినేసింది. ఖాజావలీ గారే సూట్‌కేసు వెతికి నన్ను తీసి, బలవంతాన వేలు పొడిచాడు. ఆ నెత్తురు పాకంలా ఉంది. నేను నాలుగు వందల ఎనభై ఆరు అన్నాను. ఐదేళ్లలో నాకు అంత గట్టిగా అరిచే అవకాశం రాలేదు.

వీరనారాయణ గారు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మిషన్ పాడైపోయింది ఖాజా. అన్నం తిని వారమైంది. ఇదెట్టా వస్తది?"

"పాడైతే అయింది గానీ, ఆసుపత్రికి పోదాం పద అన్నా."

"ఇక్కడ ఆసుపత్రిలో పడితే మన సంత చూసేదెవరు? రెండ్రోజులేగా, ఇంటికిపోయి చూపించుకుంటా."

పుండు మీద పట్టీ వేసి దాని మీద మళ్లీ అదే బూటు తొడిగాడు. తిరుగు ప్రయాణంలో విమానం మారే చోట నాలుగు గంటలు ఆగాల్సి వస్తే, కాలు కుర్చీ మీద పెట్టుకుని బర్గర్, వేపుడు దుంపలు తిన్నాడు. నేను ఆయన చొక్కా జేబులోనే ఉన్నాను. పాడైన మిషన్ని.

ఒంగోలు చేరేసరికి వేలు నల్లబడింది. మొదట వేలు తీశారు, తర్వాత పాదం, చివరికి మోకాలి కింద వరకూ తీసేశారు. దిమ్మెల మీదికి ఎక్కే ఉద్యోగం ఆ రోజుతో సరి. రత్నకుమారి గారు ఆసుపత్రి వరండాలో కూలబడి, "నేనే పెట్టాను, నా చేత్తో నేనే పెట్టాను" అని ఏడ్చింది. ఆ ఏడుపు విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఏం పెట్టావమ్మా అని అడిగింది. అన్నం అంది ఈవిడ. డాక్టరమ్మ రత్నకుమారి గారి సంచిలోంచి నన్ను తీసి, పక్కనున్న బొత్తాం నొక్కుతూ పోయింది. పాత అంకెలన్నీ తేదీలతో సహా నా కడుపులో ఉంటాయి. ఆ బొత్తాం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నొక్కలేదు.

డాక్టరమ్మ తేదీలు చదివింది, ఈవిడ ఆ రోజుల ప్రయాణాలు చెప్పింది. వచ్చిన రోజు ఎక్కువ, ఇంట్లో ఉన్నకొద్దీ తక్కువ. ప్రతిసారీ అదే వరస. లోపలికి వచ్చి, ఆయన మంచం పక్కన నిలబడే డాక్టరమ్మ ఆవిడతో చెప్పింది.

"మీ ఇంటి అన్నం తిన్న రోజుల్లోనే షుగరు దిగిందమ్మా. ఆయన కాలు ఇన్నాళ్లు నిలిచింది దాని వల్లే."

వీరనారాయణ గారు కళ్లు తెరిచే ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు.

ఇంటికి వచ్చాక పలకరించడానికి చుట్టాలు వచ్చారు. ఆయన తమ్ముడు ప్రకాశరావు కుర్చీ లాక్కుని కూర్చుని, రత్నకుమారి గారు కాఫీ అందిస్తుండగానే అందుకున్నాడు.

"అప్పటికీ అన్నయ్య చెప్తానే ఉండాడు. ఆ అన్నం పెట్టి పెట్టి ఇంత పని చేశావు వదినా."

ఆవిడ గ్లాసు అతని చేతికిచ్చి, భర్త వైపు చూసింది. డాక్టరమ్మ చెప్పింది ఇద్దరికీ తెలుసు. ఒక్క మాట చాలు, ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన మోకాలి కింద ఖాళీగా ఉన్న పంచె సర్దుకుని, "కాఫీ చల్లారిపోద్దిరా, తాగు" అన్నాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో కొత్త మిషన్ ఉంది. దాని అంకెలు నేరుగా ఫోన్లోకి పోతాయట. నా పుల్లలు ఇప్పుడు షాపుల్లో దొరకడం లేదు. నన్ను పారేయమని ఆయన రెండు సార్లు చెప్పాడు. ఆవిడ పారేయలేదు. తన పాత రవికె గుడ్డలో చుట్టి, బట్టల అడుగున దాచింది. అప్పుడప్పుడూ తలుపు దగ్గరగా వేసి, నన్ను తీసి, ఆ బొత్తాం నొక్కుతుంది. మూడు వందల పద్దెనిమిది, రెండు వందల ముప్ఫై, నూట తొంభై, నూట అరవై. వరసగా చెప్తాను, ఆవిడ పెదాలు కదుపుతూ చదువుకుంటుంది. ఆ ఇంట్లో ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పేది నేనొక్కదాన్నే. ఆవిడ తప్ప నన్ను అడిగేవాళ్లు లేరు.