పన్నెండో గొట్టం

పదకొండో గొట్టంలోకి బ్రష్షు దూర్చి ఆమె గుండ్రంగా తిప్పింది. అడుగున పట్టిన పసుపుపచ్చ పొడి ఊడి నీళ్లతోపాటు తొట్టిలోకి జారింది. సబ్బునీళ్లలో నానినాని వేళ్ల చివర్లు తెల్లగా ముడుచుకుపోయాయి. ఇరవై రెండేళ్లుగా ఈ ప్రయోగశాలలో గాజుసామాను కడగడమే ఆమె పని.

పన్నెండోది కూతురిది. దాన్ని మాత్రం రెండు చేతులతో తీసింది.

ఇక్కడ పరిశోధన చేస్తున్న ఆ పిల్ల తన బిడ్డేనని ఎవరికీ తెలియదు. "అక్కడ నన్ను పలకరించకమ్మా," అని చేరిన రోజే కూతురు చెప్పింది. పలకరించడం మానింది గానీ భయపడటం మానలేదు. గొట్టాల మీద వెలుతురు వేసే పెద్ద దీపం పేలి గాజుపెంకు కంట్లో పడితే? బొగ్గుపులుసు వాయువు సిలిండర్ కారితే?

"మనం వదిలే గాలికి వెలుతురు చూపించి మిథనాల్ చేస్తారంట వదినా," అన్నాడు సిలిండర్లు మోసే పెద్దాయన. "మా ఆవిడ నన్ను తిట్టేటప్పుడు వదిలే గాలి పట్టుకుంటే ఊరికి సరిపోతుంది."

"ముందు నీ నోటికి మూత పెట్టు. సగం గాలి అక్కడే మిగులుతుంది."

చివర శుద్ధజలంతో కడిగి ఓవెన్‌లో ఆరబెట్టాలి, అంతే. పదకొండింటికీ అంతే చేసింది. పన్నెండోదాన్ని ఆరాక వెలుగుకెత్తి చూసింది. నీటిమరక ఉన్నట్టే అనిపించింది. దానివల్ల బిడ్డ లెక్క తప్పితే? గాజు మీద మరకలు పోగొడుతుందని అల్మరాలోని మిథనాల్ చెంచాడు పోసి, కలియదిప్పి వంపేసి, తడి ఆరకముందే మూత బిగించింది. ఏడాదిగా ఇదే అలవాటు. ఏడాదిగా అందరికంటే కూతురి గొట్టంలోనే మిథనాల్ ఎక్కువగా తయారవుతోంది. తను శుభ్రంగా కడగబట్టేనని లోలోపల మురిసిపోయేది.

ఇదొక్కదానిలోనే ఎందుకెక్కువ వస్తోందో తేల్చాలని మధ్యాహ్నం పెద్దసారు ఆ గొట్టంలోకి బొగ్గుపులుసు వాయువుకు బదులు నత్రజని పట్టించి దీపం వేయించాడు. నత్రజని నుంచి మిథనాల్ రాకూడదు. వచ్చింది.

"ఎక్కడిదమ్మా ఇది? నువ్వే కలిపావా?"

"లేదు సార్," అంది కూతురు.

"మరి ఆకాశం నుంచి ఊడిపడిందా? దొంగలెక్కలకు డిగ్రీ ఇవ్వం. నీ బల్ల ఖాళీ చెయ్యి."

ఆమె కొళాయి కట్టేసి ముందుకొచ్చింది. "నేనే పోశానండి. మరక పోతుందని."

"అందరివీ అలాగే కడిగావా?"

"లేదండి. ఈ పాపదే."

"ఈ అమ్మాయిదే ఎందుకు?"

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు నోటుపుస్తకం అంచు గోకుతోంది.

"నీకు ఈవిడ తెలుసా?" అని సారు కూతుర్ని అడిగాడు.

"గాజుసామాను కడిగే ఆవిడ సార్."

"అవునండి," అంది ఆమె. "చివర్లో ఉంటుంది కదా ఆ గొట్టం. తీరిగ్గా కడుగుతాను."

ఏడాది పని మొదట్నుంచి చేసుకోమని కూతురికి చెప్పాడు సారు. దొంగలెక్కలన్న మాట వెనక్కి తీసుకున్నాడు. ఆమెను మాత్రం రేపట్నుంచి రావద్దన్నాడు.

పన్నెండో గొట్టాన్ని ఆమె ఇంకోసారి కడిగింది, ఉత్త శుద్ధజలంతో. ఏప్రన్ మడిచి మేకుకు తగిలించింది. తలుపు దగ్గర పెద్దాయన కనిపిస్తే ఆగింది.

"ఆ పాప దీపం దగ్గరికి వెళ్లేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటోందో లేదో కాస్త చూస్తుండు."

"నీకెందుకు వదినా అంత దిగులు?"

ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

తొట్టి పక్కన బోర్లించిన గొట్టం అంచున ఒక నీటిచుక్క చాలాసేపు నిలిచి, ఎండి, చిన్న మరకగా మిగిలింది.