బాలానగర్ జోలపాట

కెనడా నుంచి వచ్చిన ఉత్తరం వారం రోజులుగా నా బల్ల మీద ఉంది. రాసింది ఒక పరిశోధక విద్యార్థిని. ఐరిస్ హ్యాడ్లీ జీవితం, రచనల మీద సిద్ధాంత గ్రంథం రాస్తోందట. గోధుమ పొలాల మధ్య పల్లెలో పుట్టడం, పంతులమ్మ ఉద్యోగం, మూడు కవితా సంపుటాలు, రెండు నవలలు, అన్నీ వరసగా రాసి, 1972 నుంచి 74 దాకా ఖాళీ వదిలింది. ఆ రెండేళ్లూ ఐరిస్ మా బాలానగర్‌లో ఉంది.

"అప్పట్లో ఆవిడ రాతప్రతులు టైపు చేసింది మీరేనని తెలిసింది. ఆవిడకు పేరు తెచ్చిన 'బాలానగర్ జోలపాట' కవితలో నాలుగు పంక్తులు మీ భాషలో ఉన్నాయి. వాటి అర్థం చెప్పగలరా?"

ఐరిస్ భర్త మా ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలతో పాటు వచ్చిన ఇంజనీరు. నేను అక్కడ టైపిస్టును. ఆదివారాలు వాళ్ల క్వార్టర్‌కి వెళ్లి ఆవిడ చేతిరాతను టైపు చేసేవాణ్ణి. నా భార్య నాగేశ్వరిని కూడా తీసుకెళ్లేవాణ్ణి. మా పాప పోయి అప్పటికి ఏడాది. నాగేశ్వరిని ఇంట్లో ఒక్కదాన్నే వదిలి వెళ్లాలంటే భయంగా ఉండేది.

నాగేశ్వరికి ఇంగ్లీషు రాదు. ఐరిస్‌కి తెలుగు రాదు. ఇద్దరూ వెనక వరండాలో కూర్చునేవారు. ముందు గదిలో నా మిషను చప్పుడు ఆగినప్పుడల్లా నాగేశ్వరి గొంతు సన్నగా వినిపించేది. మాటలు తెలిసేవి కావు. ఇంట్లో "వడ్డించనా అండీ" తప్ప ఇంకో మాట లేని మనిషి.

అక్కడి పనిమనిషి చంద్రమ్మ నవ్వేది. "ఏందమ్మా, గోడకు చెప్పుకున్నట్టు గా దొరసానికి చెప్తవు? ఆమెకేం సమజైతది?"

"సమజైతే చెబుతానా చంద్రమ్మా!" అనేది నాగేశ్వరి.

భీమవరంలో నాకు టైపు నేర్పిన లింగమూర్తిగారు రోజూ ఒకటే చెప్పేవారు. "కన్ను చూడాలి, వేలు కొట్టాలి. మధ్యలో బుర్ర దూరిందా, తప్పు పడుతుందిరా కామేశ్వరరావూ." నేను అలాగే పనిచేశాను. బహుశా అలాగే బతికాను. ఎవరి ఉద్యోగం పోతోందో నా చేతులతోనే టైపు చేసి, సాయంత్రం ఆ మనిషినే కుశలం అడిగిన రోజులున్నాయి.

పాపకి జ్వరం ముదిరిన రోజు గేటు దగ్గరి రామన్న పరుగున నా దగ్గరికి వచ్చాడు. "సారూ, మీ ఇంటికాడ్నుంచి మనిషొచ్చిండు. పాపకు పానం బాగలేదంట, దవాఖానకు తీస్కపోయిండ్రంట. జల్ది పొండి."

ఒక్క కాగితం ఉంది, అయ్యాక వస్తానన్నాను. అది అయ్యేసరికి ఇంకొకటి వచ్చింది. నేను వెళ్లేసరికి నాగేశ్వరి ఆసుపత్రి బయట బెంచీ మీద, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"కబురు అందలేదు," అన్నాను.

"సరే," అంది.

ఆ అబద్ధం ఆమెను కాపాడుతోందని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఐరిస్ వచ్చిన మరుసటి ఏడు మార్చిలో, ఒక ఆదివారం ఆవిడ ఇచ్చిన కాగితంలో అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు కావు.

"మీ భార్య పాడే జోలపాట," అంది ఐరిస్. "ప్రతివారం అదే పాడుతుంది. విన్నది విన్నట్టు, కొంచెం కొంచెంగా రాసుకున్నాను. అర్థం మాత్రం చెప్పకండి. నాకు ఆ శబ్దమే కావాలి."

ఎప్పటిలాగే కొట్టబోయాను. కానీ ఆ రాత కంటితో సాగలేదు. పెదవులు కదపాల్సి వచ్చింది. కదిపితే అది పాట కాదు, నాగేశ్వరి.

గేటు దగ్గర రామన్న చెప్పాడండీ.
ఒక్క కాగితం ఉంది, అయ్యాక వస్తానన్నారట.
నాతో మాత్రం కబురే అందలేదన్నారు.
సరే అన్నాను.

నా వేళ్లు ఆగలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. రెండు కార్బన్ ప్రతులతో సహా, ఒక్క తప్పు పడకుండా కొట్టేశాను. ఆ తర్వాతే బుర్ర దూరింది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ బరువు దించుకోవడానికి, తన మాట అర్థం కాని ఒక చెవిని వెతుక్కుంది. నేను విన్నానని తెలిస్తే ఆ చెవి కూడా ఉండదు. ఏమీ ఎరగనట్టు కాగితాలు ఇచ్చేసి లేవబోయాను.

"చదివి వినిపించండి, లయ చూడాలి," అంది ఐరిస్.

గొంతు బాగాలేదన్నాను.

"నాలుగు పంక్తులే కదా!" అంటూ వెళ్లి నాగేశ్వరిని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. తన పాట తను వినాలట.

చదవనని చెప్పడానికి కారణం కావాలి. నా దగ్గరున్న కారణం ఒక్కటే, అది ఆ కాగితంలోనే ఉంది. చదివాను. రామన్న పేరు రాగానే నాగేశ్వరి తలెత్తింది. ఐరిస్ కళ్లు మూసుకుని పెన్సిలుతో కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. మూడో పంక్తి చివర ఆగిపోయాను.

"ఇంకొకటి ఉంది," అంది ఐరిస్.

నాగేశ్వరి నా వైపు చూడలేదు. "సరే అన్నాను," అని ఆ పంక్తి తనే చెప్పింది.

ఐరిస్ చప్పట్లు కొట్టింది. టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ చంద్రమ్మ ఆ రోజు నవ్వలేదు.

దారిలో, "నాగేశ్వరీ," అన్నాను.

"ఇంట్లో కూరలేం లేవండీ. దొండకాయలు తీసుకుందామా?"

తీసుకున్నాం.

తర్వాతి ఆదివారాలు కూడా నాతో వచ్చింది. అదే వరండాలో, అదే చోట కూర్చుంది. మాట్లాడలేదు. "ఎందుకు పాడటం మానేసింది?" అని ఐరిస్ నన్ను అడిగింది. తెలియదన్నాను. చంద్రమ్మ కూడా ఆమెను పలకరించడం మానేసింది. మరుసటి ఏడు ఐరిస్ వెళ్లిపోయింది. తర్వాత పుస్తకం ఓడ టపాలో వచ్చింది. నేను కొట్టిన నాలుగు పంక్తులూ అలాగే ఉన్నాయి.

ఈ సాయంత్రం జవాబు టైపు చేశాను. మిషను ఆగగానే నాగేశ్వరి కాఫీ తెచ్చింది. ఉత్తరం సంగతి, అందులో అడిగింది, వచ్చిన రోజే ఆమెకు చెప్పాను.

"ఏమని రాశారండీ?"

"జోలపాట అని. అర్థమేమీ లేదని."

బల్ల మీద ఒలికిన కాఫీ చుక్కను కొంగుతో తుడిచింది.

"సరే," అంది.